రైలు గీసిన ఊళ్లు: సస్కాచెవాన్ ప్రెయరీ పల్లె పుట్టుక, కుంగుబాటు

తెలుగు నేల మీద ఒక పల్లె అక్కడే ఎందుకు వెలిసిందని అడిగితే జవాబు చాలాసార్లు నీటి దగ్గర దొరుకుతుంది. చెరువు కిందో, వాగు ఒడ్డునో, ఊటబావి పక్కనో పది ఇళ్లు లేస్తాయి. తరాలు గడిచేకొద్దీ అవి వందవుతాయి. ఇళ్లన్నీ ఒకచోట, పొలాలన్నీ చుట్టూ. రైతు ఊళ్లో ఉండి పొలానికి పోతాడు. కెనడా పశ్చిమాన ఉన్న సస్కాచెవాన్ రాష్ట్రంలో ఈ ఏర్పాటు తలకిందులుగా ఉంటుంది. అక్కడ రైతు పొలంలో ఉండి ఊరికి పోతాడు. ఆ ఊరు అతని ఇంటికి కొన్ని మైళ్ల దూరంలో, రైలు పట్టాల పక్కన ఉంటుంది. చెట్టు చేమ పెద్దగా లేని ఆ పచ్చిక మైదానాల్లో, అంటే ప్రెయరీల్లో, నీటిని చూసుకుని వెలిసిన ఊళ్లు తక్కువ. ఎక్కువ ఊళ్ల చోటును నిర్ణయించింది రైలు కంపెనీ కార్యాలయంలో పటం మీద పెట్టిన చుక్క.

ఆ చుక్కలు ఎంత యాంత్రికంగా పడ్డాయో ఒక మార్గాన్ని చూస్తే తెలుస్తుంది. గ్రాండ్ ట్రంక్ పసిఫిక్ కంపెనీ 1907, 1908 ప్రాంతంలో సస్కాచెవాన్ మీదుగా పట్టాలు వేస్తూ స్టేషన్లకు చాలావరకు ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్లు పెట్టుకుంటూ పోయింది. ఫెన్‌వుడ్ తర్వాత గుడీవ్, ఆ తర్వాత హబ్బర్డ్, ఇటూనా, జాస్మిన్, కెల్లిహర్. ఇంకా పడమరకు వెళ్తే జీనా (ఇంగ్లీషులో X తో మొదలయ్యే పేరు), యంగ్, జెల్మా వచ్చేసరికి అక్షరాలు పూర్తయ్యాయి. వెంటనే మళ్లీ మొదటి నుంచి అలన్, బ్రాడ్‌వెల్, క్లావెట్. చాలాచోట్ల మనుషులు వచ్చేలోపే పేరు వచ్చేసింది, వీధులు గీసేశారు, స్థలాలు అమ్మకానికి పెట్టేశారు. ఇప్పుడు ఈ ఊళ్లలో అనేకం నామమాత్రంగా మిగిలాయి. కొన్నిచోట్ల ఊరుండేదని చెప్పడానికి ఒక బోర్డు, ఒక శ్మశానం తప్ప మరేమీ లేవు.

వీటి గురించి రాసేవారు సాధారణంగా కరువును, చలిని, పట్నాల ఆకర్షణను కారణంగా చెబుతారు. అవన్నీ ఉన్నాయి. అయితే అసలు కారణం పుట్టుకలోనే ఉంది. ప్రెయరీ పల్లె ఒక రవాణా లెక్క కోసం పుట్టింది. ఆ లెక్క మారినప్పుడు దాని కాళ్ల కింది నేల కదిలింది. ఆ లెక్కతో పని లేకుండా అక్కడి మనుషులు తమ కోసం తాము కట్టుకున్నవి మాత్రం ఊళ్ల కంటే ఎక్కువ కాలం బతికాయి, దేశాన్నే మార్చాయి.

ఆ నేల ఖాళీగా దొరికింది కాదు. క్రీ, సోల్టో, అసినిబోయిన్, బ్లాక్‌ఫుట్ జాతుల ప్రజలు అడవిదున్నల మందల వెంట ఆ మైదానాల్లో తరతరాలుగా బతికారు. 1870లో బొచ్చు వ్యాపారం చేసే బ్రిటిష్ సంస్థ హడ్సన్స్ బే కంపెనీ ఆ విశాల ప్రాంతం మీద తనకున్న హక్కును 3 లక్షల పౌండ్లకు కెనడాకు వదులుకుంది. అక్కడ బతికేవారిని ఎవరూ సంప్రదించలేదు. ఆ తర్వాతే ఒప్పందాల వరుస మొదలైంది. 1874లో ఫోర్ట్ కాపెల్ దగ్గర నాలుగో ఒప్పందం, 1876లో ఫోర్ట్ కార్ల్‌టన్, ఫోర్ట్ పిట్‌ల దగ్గర ఆరో ఒప్పందం కుదిరాయి. ఐదుగురున్న కుటుంబానికి ఒక చదరపు మైలు చొప్పున రిజర్వు భూమి, అంటే ఆ జాతులకే కేటాయించిన భూమి, మనిషికి ఏడాదికి 5 డాలర్లు, పనిముట్లు, విత్తనాలు, బడి ఇస్తామన్నారు. ఆ 5 డాలర్లు ఈనాటికీ 5 డాలర్లుగానే ఇస్తున్నారు. 1870ల చివరికి అడవిదున్నలు కనుమరుగయ్యాయి. ఆకలి వచ్చింది. ప్రభుత్వ గిడ్డంగుల్లో తిండి ఉంది. రిజర్వులకు తరలిపోతేనే ఆ తిండి అందుతుందన్న షరతుతో ఆకలినే ఆయుధంగా వాడారు. దక్షిణ మైదానాలు రైలుకు, వలస రైతుకు అలా ఖాళీ అయ్యాయి. ప్రెయరీ పల్లె నేపథ్యం చెప్పేటప్పుడు ఈ అధ్యాయాన్ని దాటేసి మొదటి వలసదారు గుడిసెతో కథ మొదలుపెట్టడం న్యాయం కాదు.

భూమి చేతికి వచ్చాక దాన్ని ముక్కలు చేసే పని మొదలైంది. 1872 నాటి డొమినియన్ ల్యాండ్స్ చట్టం కింద మైదానాన్నంతా చదరపు గడులుగా కొలిచారు. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న గడి ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. సెక్షన్‌లో నాలుగో వంతు, అంటే క్వార్టర్, 160 ఎకరాలు. 10 డాలర్ల రుసుము కట్టి, మూడేళ్లు అక్కడే కాపురముండి, ఇల్లు కట్టి, కొంత నేల దున్ని చూపిస్తే ఆ 160 ఎకరాలు సొంతమవుతాయి. సరి సంఖ్య సెక్షన్లలో ఎక్కువ భాగం ఇలా పంచడానికి, బేసి సెక్షన్లు చాలావరకు రైలు కంపెనీలకు, 11, 29 సెక్షన్లు బడుల ఖర్చుకు. 8వ సెక్షన్, 26వ దానిలో ఎక్కువ భాగం హడ్సన్స్ బే కంపెనీకి. కెనడియన్ పసిఫిక్ రైల్వే ఒక్కదానికే 1881లో 2.5 కోట్ల డాలర్లు, 2.5 కోట్ల ఎకరాలు ఇచ్చారు. పెళ్లికాని స్త్రీకి ఈ ఉచిత భూమి మీద హక్కు లేదు. కుటుంబానికి ఏకైక పెద్దగా ఉన్న స్త్రీకి, అంటే ముఖ్యంగా పిల్లలున్న వితంతువుకు మాత్రమే అవకాశం ఉండేది.

ఈ చట్టంలో కాపురం షరతు చిన్నదిగా కనిపిస్తుంది, కానీ ఊరి రూపాన్ని నిర్ణయించింది అదే. ఎవరి 160 ఎకరాల్లో వాళ్లే ఉండాలన్నాక పొరుగిల్లు అరమైలు దూరంలో పడుతుంది. మధ్యలో రైలు కంపెనీ భూమి ఖాళీగా ఉంటే ఇంకా దూరం. ఉక్రెయిన్ నుంచి, జర్మన్ మాట్లాడే ప్రాంతాల నుంచి, రష్యా నుంచి వచ్చినవాళ్లు తమ దేశాల్లో గుంపు ఊళ్లలో బతికినవాళ్లే. ఇక్కడ వాళ్ల ఆడవాళ్లు మొదటి చలికాలాల్లో వారాల తరబడి మరో మనిషి ముఖం చూడకుండా గడపాల్సి వచ్చింది. మన దగ్గర ఊరు అనగానే గుర్తొచ్చే రచ్చబండ, నీళ్ల రేవు, పక్కింటి అరుగు, ఇవేవీ ఆ కొలతల్లో పట్టలేదు.

ఆ గడులకు లొంగకుండా మరోలా బతకాలనుకున్నవారూ ఉన్నారు. సస్కాచెవాన్ నది ఒడ్డున మేటీలు, అంటే ఆదిమ, ఐరోపా సంతతులు కలిసిన ప్రజలు, నది అంచు నుంచి లోపలికి సాగే పొడవాటి చీలికల్లాంటి కమతాలు చేసుకునేవారు. ప్రతి ఇంటికీ నీరు, కట్టెలు, పొరుగు అందేవి. చదరపు కొలత వాటిని అడ్డంగా కోసేస్తుందన్న భయం, భూమి పట్టాలు ఇవ్వకపోవడం, ఆకలి కలిసి 1885 తిరుగుబాటుకు దారితీశాయి. బటోష్ దగ్గర వాళ్లు ఓడిపోయారు. నాయకుడు లూయీ రియెల్‌ను అదే ఏడాది నవంబరు 16న రెజీనాలో ఉరితీశారు. మరోవైపు 1899లో రష్యా నుంచి దాదాపు ఏడున్నర వేల మంది దుఖోబార్లు వచ్చారు. ఆయుధం పట్టని, ఉమ్మడి ఆస్తిని నమ్మే క్రైస్తవులు వాళ్లు. వాళ్ల ప్రయాణం ఖర్చుకు టాల్‌స్టాయ్ తన నవల మీద వచ్చిన డబ్బిచ్చాడు. మొదట్లో ప్రభుత్వం వాళ్లను గుంపు ఊళ్లలో ఉండనిచ్చింది. వాళ్లు వీధికి రెండు వైపులా ఇళ్లు కట్టుకుని, ఉమ్మడిగా దున్ని, ఉమ్మడిగా పండించారు. కొన్నేళ్లకే ప్రభుత్వం మాట మార్చి, విడివిడిగా పేర్లు రాయించుకుని రాజుకు విధేయత ప్రమాణం చేయాలంది. ప్రమాణం వాళ్ల మతానికి విరుద్ధం. 1907లో దాదాపు రెండున్నర లక్షల ఎకరాలు చేజారిపోయాయి. చాలామంది మరుసటి ఏడాది నుంచి బ్రిటిష్ కొలంబియాకు వెళ్లిపోయారు. ప్రెయరీల్లో తెలుగు పల్లెకు దగ్గరి రూపం ఉన్న ఊళ్లు ఏవైనా ఉంటే అవి ఈ దుఖోబార్ల ఊళ్లు, వాళ్లలాగే ఆయుధం పట్టని మరో క్రైస్తవ శాఖ మెనొనైట్ల ఊళ్లే. దుఖోబార్ల ఊళ్లను నిలబడనివ్వలేదు.

ఇక మిగిలినవి రైలు ఊళ్లు. వాటి మధ్య దూరం ఎక్కువగా ఏడు నుంచి పది మైళ్లు. గుర్రాల బండి ఒకటిన్నర టన్నుల గోధుమను మోసుకుని బయలుదేరి, ధాన్యం దించి, సరుకులు కొనుక్కుని, చీకటి పడేలోపు ఇంటికి చేరాలి. ఆ ఒక్క రోజు ప్రయాణమే ఊళ్ల మధ్య దూరాన్ని నిర్ణయించింది. దానికంటే దగ్గరగా స్టేషన్లు పెడితే కంపెనీకి నష్టం, దూరంగా పెడితే రైతు పోటీ కంపెనీ మార్గానికి వెళ్లిపోతాడు. గుర్రం ఓపిక, కంపెనీ లాభం కలిసే చోట ఊరు. పట్టాలకు సమాంతరంగా రైల్వే వీధి, దానికి అడ్డంగా ప్రధాన వీధి, ఒకవైపు స్టేషను, మరోవైపు ధాన్యం ఎలివేటర్ల వరుస. ఈ నమూనా వందల ఊళ్లలో ఒకటే. ఒకదాన్ని చూసినవాడు కళ్లు మూసుకుని మరోదానిలో తిరగగలడు.

ప్రధాన వీధిలో కలప అడితి, కమ్మరి కొలిమి, బ్యాంకు, కిరాణా దుకాణం ఉండేవి. దాదాపు ప్రతి ఊళ్లోనూ ఒక చైనీయుడు నడిపే కేఫ్ కూడా ఉండేది. ఆ కేఫ్ కథ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రైలు కోసం చాకిరీ చేయించుకున్నాక చైనా నుంచి వచ్చే మనిషి మీద కెనడా తలపన్ను వేసింది. 1903 నుంచి అది 500 డాలర్లు. భార్యాపిల్లలను తెచ్చుకునే స్తోమత ఎక్కువమందికి లేదు. 1923లో వలసనే దాదాపుగా నిషేధించారు. దానికి ముందే, 1912లో, చైనీయుల దుకాణాల్లో తెల్ల స్త్రీలు పనిచేయకూడదని సస్కాచెవాన్ చట్టం చేసింది. ఊరంతా రోజూ కాఫీ తాగే చోటు నడిపిన మనిషికి ఆ ఊళ్లో సమాన పౌరుడిగా చోటు లేదు.

ఊరికి గుండెకాయ మాత్రం ఎలివేటర్. డెబ్బై ఎనభై అడుగుల ఎత్తున, దుంగపలకలతో కట్టిన ఈ నిలువు గోదాము మైళ్ల దూరం నుంచే కనిపించేది. బండి లోపలికి వచ్చి తూకం మీద నిలుస్తుంది. ధాన్యం కింది గుంటలోకి జారుతుంది. చిన్న బకెట్లు బిగించిన పొడవాటి బెల్టు దాన్ని పైకి ఎత్తి అరల్లో పోస్తుంది. రైలు పెట్టె రాగానే గొట్టం గుండా దానంతటదే కిందికి దిగుతుంది. ఒక్కో బండితో వచ్చే కొద్దిపాటి ధాన్యాన్ని వెయ్యి బుషెళ్లకు (గోధుమైతే బుషెల్ సుమారు 27 కిలోలు) మించి పట్టే రైలు పెట్టెకు జత చేసే యంత్రం అది. 1933లో కెనడాలో ఇలాంటివి 5,700కు పైగా ఉండేవి, అందులో సగానికి మించి సస్కాచెవాన్‌లోనే.

గొడవ కూడా అక్కడే మొదలైంది. తూకం ఎవరిది, రకం నిర్ణయించేది ఎవరు, మట్టి, పొట్టు పేరిట తీసే తరుగు ఎంత? కొనుగోలు కేంద్రంలో తరుగు కింద కిలోలు కోసే బాధ ఎరిగిన తెలుగు రైతుకు ఈ కోపాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. ఎలివేటర్ కంపెనీని కాదని రైతు తానే రైలు పెట్టెలో ధాన్యం నింపుకుందామంటే పెట్టెలు దొరికేవి కావు. 1901లో ఇండియన్ హెడ్ అనే ఊళ్లో రైతులు సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది పక్కనే ఉన్న సింటలూటా ఊళ్లో, పెట్టెలు వంతుల వారీగా ఇవ్వాలన్న చట్టాన్ని ఉల్లంఘించాడని కెనడియన్ పసిఫిక్ ఏజెంటు మీద కేసు వేసి గెలిచారు. దేశంలో అతిపెద్ద కంపెనీని ఒక చిన్న స్టేషన్ ఊరి రైతులు కోర్టులో ఓడించడం మైదానమంతటా ధైర్యం నింపింది. 1924లో సస్కాచెవాన్ వీట్ పూల్ ఏర్పడింది. రైతులు తమ గోధుమను ఉమ్మడిగా అమ్మడానికి ఒప్పందాలు రాసి, తమ సొంత ఎలివేటర్లు కట్టుకున్నారు, కొనుక్కున్నారు. ఊళ్లో పూల్ ఎలివేటర్ ఉందంటే తూకం మనదే అన్న భరోసా.

అయితే అదే తూకం ముందుకు తమ ధాన్యాన్ని స్వేచ్ఛగా తెచ్చుకోలేని రైతులు కొద్ది మైళ్ల దూరంలోనే ఉన్నారు. రిజర్వుల్లో వ్యవసాయం నేర్చి మంచి పంటలు తీస్తున్న క్రీ రైతులు 1880లలో యంత్రాలు కొనుక్కోవడం మొదలుపెట్టగానే ప్రభుత్వ అధికారులు అడ్డుపడ్డారు. చేతి పనిముట్లతో చిన్న కమతం చేసుకుంటే చాలన్నారు. గింజ అమ్మాలంటే అధికారి అనుమతి చీటీ కావాలి. రిజర్వు దాటి వెళ్లాలంటే మరో చీటీ. అటు తర్వాత వాళ్ల వ్యవసాయం సరిగా సాగడం లేదన్న సాకుతో రిజర్వు భూముల నుంచే పెద్ద ముక్కలు వదిలించి వలస రైతులకు అమ్మారు. ప్రెయరీ పల్లె చరిత్రలో సహకారం ఎంత నిజమో ఈ వెలి కూడా అంతే నిజం.

పంట గురించి ఒక మాట. ఆ మైదానంలో మంచు లేని రోజులు సుమారు వంద మాత్రమే. రెడ్ ఫైఫ్ అనే గోధుమ మంచి రకమే కానీ కోతకు ముందే మంచు దెబ్బ తినేది. దాన్ని త్వరగా పండే భారతీయ గోధుమ హార్డ్ రెడ్ కల్కటాతో సంకరం చేసి, ఆ సంతతి నుంచి కెనడా ప్రభుత్వ శాస్త్రవేత్త చార్లెస్ సాండర్స్ 1904 ప్రాంతంలో మార్క్విస్ రకాన్ని వేరుచేశాడు. అది రెడ్ ఫైఫ్ కంటే వారం ముందుగా కోతకు వచ్చేది. పదేళ్లలో మైదానాన్నంతా ఆక్రమించింది. 1901లో 91 వేలున్న ఆ ప్రాంత జనాభా 1911కు 4 లక్షల 92 వేలకు, 1931కు 9 లక్షల 21 వేలకు పెరగడం వెనుక రైలుతో పాటు ఈ గింజ కూడా ఉంది. మన నేల వంగడం రక్తంలో లేకుంటే ఆ ఉత్తరపు ఊళ్లలో చాలా వాటికి పంటే ఉండేది కాదు.

మార్క్విస్ మంచును తప్పించుకుంది గానీ ఎండను తప్పించుకోలేకపోయింది. 1857 నుంచి 1860 వరకు ఆ ప్రాంతాన్ని పరిశీలించిన జాన్ పాలిసర్ దక్షిణ భాగం సేద్యానికి పనికిరాని మెట్టనేల అని రాశాడు. ఆ తర్వాత తడి ఏళ్లలో తిరిగిన వృక్షశాస్త్రవేత్త జాన్ మకూన్ అది బంగారు భూమి అన్నాడు. ప్రభుత్వానికి, రైలుకు రెండో మాటే నచ్చింది. 1930లలో పాలిసర్ మాట నిజమైంది. ఏళ్ల తరబడి వానలు లేవు, దున్నిన నేల గాలికి లేచిపోయింది. అదే సమయంలో గోధుమ ధర కుప్పకూలి 1932లో బుషెల్‌కు 40 సెంట్ల లోపుకు పడిపోయింది. కార్లకు పెట్రోలు కొనలేక ఇంజిన్లు తీసేసి గుర్రాలు కట్టారు. ఆ బళ్లకు అప్పటి ప్రధాని బెన్నెట్ పేరు పెట్టారు. తూర్పు రాష్ట్రాలు సాయంగా ఎండుచేపలు పంపితే, సముద్రం ఎరుగని ఆ ఊళ్ల ఆడవాళ్లకు వాటిని ఎలా వండాలో తెలియలేదు. దశాబ్దం ముగిసేసరికి ప్రెయరీల నుంచి సుమారు రెండున్నర లక్షల మంది వెళ్లిపోయారు.

మిగిలినవాళ్లు చేసిన పని మీద కొంచెం ఎక్కువ సేపు నిలవాలి. వైద్యుడు చిన్న ఊళ్లో నిలవడు, ఎందుకంటే పంట పోయిన ఏడు ఫీజు ఇచ్చేవాడు ఉండడు. మొదటి ప్రపంచ యుద్ధం తొలి రోజుల్లో హోల్డ్‌ఫాస్ట్ పరిసరాల్లోని సార్నియా గ్రామీణ పురపాలిక, డాక్టరు ఊరు వదిలిపోకుండా భూమి పన్ను నుంచి జీతం ఇవ్వాలని తీర్మానించింది. 1916లో రాష్ట్రం దాన్ని చట్టబద్ధం చేసింది. తర్వాత పక్కపక్క ఊళ్లు కలిసి ఉమ్మడి ఆస్పత్రులు కట్టుకున్నాయి. 1944లో టామీ డగ్లస్ నాయకత్వంలోని సామ్యవాద భావాల సీసీఎఫ్ పార్టీ అధికారంలోకి వచ్చేటప్పటికి ఈ అనుభవం మూడు దశాబ్దాలది. 1946 జులైలో స్విఫ్ట్ కరెంట్ ప్రాంతంలో సుమారు 50 వేల మందికి పన్ను ఆధారిత వైద్యం మొదలైంది. 1947 నుంచి రాష్ట్రమంతటా ఆస్పత్రి ఖర్చు ప్రభుత్వానిది. 1962 జులై 1న అందరికీ వైద్య బీమా వచ్చింది. డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు, కానీ పథకం నిలిచింది. 1966లో కేంద్రం చట్టం చేయగా కొన్నేళ్లలో దేశమంతటికీ విస్తరించింది. ఈనాడు టొరంటోలోనో వాంకూవర్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబం ఆస్పత్రిలో కాన్పుకు బిల్లు కట్టకుండా ఇంటికి వస్తుందంటే, ఆ ఏర్పాటుకు తొలి పునాది పడినది వైద్యుణ్ణి నిలుపుకోవడానికి చందాలా పన్ను వేసుకున్న ఇలాంటి పల్లెల్లోనే. ప్రెయరీ పల్లె లోకానికి ఇచ్చిన వాటిలో గోధుమ కంటే ఇదే గొప్పదని ఈ వ్యాసం నమ్ముతుంది.

ఊళ్ల క్షీణత కరువు ఏళ్లలో కంటే మంచి ఏళ్లలోనే వేగంగా సాగింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లారీ, ట్రాక్టరు, కంకర రోడ్డు వచ్చాయి. పది మైళ్లు పోయే గుర్రం స్థానంలో గంటలో నలభై మైళ్లు పోయే లారీ వచ్చాక, పది మైళ్లకొక ఊరు ఎందుకు? ట్రాక్టరుతో ఒక కుటుంబం వెయ్యి ఎకరాలు చేయగలిగాక 160 ఎకరాలకొక కుటుంబం ఎందుకు? 1936లో సస్కాచెవాన్‌లో లక్షా 42 వేలకు పైగా కమతాలున్నాయి. 2021 లెక్కల్లో 34 వేలు. సగటు కమతం 1,700 ఎకరాలు దాటింది. రైతు నష్టపోయి కాదు, చాలాచోట్ల రైతు ఎదిగి పొరుగువాడి భూమి కొన్నందువల్ల ఊరు పలచబడింది. ఆ పొరుగువాడి పిల్లలతో నడిచే బడి మూతపడింది. ఒకప్పుడు దాదాపు 5 వేల బడి మండళ్లు ఉన్న రాష్ట్రంలో ఒంటి గది బడులు 1950లు, 60లలో వరుసగా తలుపులు వేసుకున్నాయి.

రైలు ఊళ్లను ఇంకొంతకాలం నిలబెట్టింది ఒక రేటు. 1897లో క్రోస్ నెస్ట్ కనుమ మార్గానికి ప్రభుత్వ సాయం తీసుకున్నందుకు బదులుగా కెనడియన్ పసిఫిక్ ధాన్యం రవాణా చార్జీ తగ్గించింది. తర్వాత ఆ చార్జీని చట్టంతో కట్టేశారు. దశాబ్దాల తరబడి ధరలన్నీ పెరిగినా అది కదలలేదు. నష్టం వస్తోందని కంపెనీలు చిన్న మార్గాలను మరమ్మతు చేయడం మానేశాయి. 1984లో ఆ రేటు తీసేసి రాయితీ పెట్టారు, 1995లో రాయితీ కూడా పోయింది. దాంతో చీలిక మార్గాలు ఒక్కొక్కటిగా పీకేశారు. నూరు పెట్టెల రైలును ఒకేసారి నింపే కాంక్రీటు టెర్మినళ్లు జంక్షన్ల దగ్గర లేచాయి. చెక్క ఎలివేటర్లను ఎక్స్‌కవేటర్లతో పడగొట్టారు. అది పడిన రోజున ఊరివాళ్లు చుట్టూ చేరి కన్నీళ్లు పెట్టుకోవడం అతిశయం కాదు. ఎలివేటర్ ఊరికి పెద్ద పన్ను చెల్లింపుదారు, ఊరికి పేరు రాసి ఉన్న గోడ, దూరం నుంచి ఇంటి దారి చూపే గుర్తు. రైతులు కట్టుకున్న వీట్ పూల్ కూడా 1996లో షేర్ మార్కెట్‌కు వెళ్లి, 2007లో పేరు మార్చుకుని, 2012లో ఒక స్విస్ బహుళజాతి సంస్థ చేతికి పోయింది. తూకం మళ్లీ పరాయిదైంది.

1993లో రాష్ట్రం అప్పుల్లో ఉండి 52 గ్రామీణ ఆస్పత్రులను మూసేసింది లేదా చిన్న ఆరోగ్య కేంద్రాలుగా మార్చింది. ఉచిత వైద్యాన్ని కనిపెట్టిన పల్లె వైద్యానికి గంట ప్రయాణం చేయాల్సిన స్థితికి వచ్చింది. 2017 మే నెలాఖరుతో 1946 నుంచి నడిచిన ప్రభుత్వ బస్సు సంస్థ ఆగిపోయింది. సొంత కారు లేని ముసలివాళ్లకు, రిజర్వుల్లోని పేదలకు, పట్నం ఆస్పత్రిలో చికిత్స వంతు ఉన్నవాళ్లకు ఆ బస్సు తప్ప దారి లేదు. నష్టాల లెక్కతో బస్సు ఆపడం సులువు. ఆ నష్టం ఎవరి ఒంటి మీదికి మారిందో లెక్క వేయకపోవడం తప్పు.

నిలిచిన ఊళ్లకు నిలవడానికి ప్రత్యేక కారణం దొరికింది. అక్షరక్రమపు మార్గంలోని అలన్ పక్కన 1968లో పొటాష్ గని మొదలైంది. భారతదేశానికి చెప్పుకోదగ్గ సొంత పొటాష్ లేదు. కోనసీమ కొబ్బరికి, గుంటూరు మిర్చికి వేసే పొటాష్‌లో కొంత ఆ మైదానం అడుగునుంచే వస్తుంది. గోధుమ ధర నమ్మలేని రైతులకు సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం 1970లలో మరో పంట ఇచ్చింది. అక్కడి పరిశోధకుడు ఆల్ స్లింకర్డ్ 1978లో విడుదల చేసిన లెయిర్డ్ రకంతో మసూర్ సాగు ఊపందుకుంది. ఇప్పుడు మసూర్ పప్పు ఎగుమతుల్లో కెనడా అగ్రస్థాయిలో ఉంది, అందులో అత్యధికం ఈ ఒక్క రాష్ట్రానిది. 2017 చివర్లో భారత్ బఠాణీల మీద 50 శాతం, మసూర్ మీద 30 శాతం సుంకం వేసినప్పుడు ఢిల్లీ నిర్ణయం దెబ్బ ఆ ఊళ్లకు నేరుగా తగిలింది. ఇక్కడి కంది, శనగ రైతుకు ధర దక్కాలన్న నిర్ణయం అక్కడి పప్పు రైతు ఆ ఏటి ఆదాయాన్ని కోసింది. ఇద్దరి తప్పూ లేదు.

అన్నిటికంటే పెద్ద మార్పు మరో దిక్కు నుంచి వస్తోంది. అదే అక్షరక్రమపు మార్గంలో పున్నిచీ అనే ఊరుంది. దాని చుట్టూ టచ్‌వుడ్ కొండల్లో జార్జ్ గోర్డన్, మస్కోవెక్వన్, కవకటూస్, డే స్టార్ అనే ఆదిమ జాతుల రిజర్వులున్నాయి. గోర్డన్ రిజర్వులో పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి భాష మరిపించిన ఆవాస పాఠశాల 1996 వరకు నడిచింది. ఆ గాయం మానలేదు. అయినా వలస రైతుల కుటుంబాలు తగ్గుతున్న ఆ ప్రాంతంలో పిల్లలతో కళకళలాడేవి ఆ రిజర్వులే. పున్నిచీ బడిలో చదివేవారిలో ఎక్కువమంది అక్కడి పిల్లలే. వాళ్లు రాకుంటే ఆ బడి ఎప్పుడో మూతపడేది.

ఒప్పందాల్లో మాట ఇచ్చి ఇవ్వని భూమికి బదులుగా 1992లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు సస్కాచెవాన్‌లోని పాతిక దాకా ఆదిమ జాతులతో ఒప్పందం చేసుకున్నాయి. భూమి కాకుండా భూమి కొనుక్కునే డబ్బిచ్చారు. అమ్మజూపిన రైతు దగ్గర బజారు ధరకు కొని ఆ పొలాన్ని రిజర్వులో కలుపుకోవచ్చు. పన్ను కోల్పోయే గ్రామీణ పురపాలికకు పరిహారం ఉంటుంది. తాతల కాలంలో అనుమతి చీటీ లేకుండా గింజ అమ్ముకోలేని కుటుంబాల వారసులు ఇప్పుడు ఆ భూమిని చట్టబద్ధంగా, డబ్బు పెట్టి, క్వార్టర్ తర్వాత క్వార్టర్‌గా తిరిగి కొంటున్నారు.